ఒకటి నుంచి అయిదు తరగతుల టీచర్ కావాలంటే: బెంగళూరు తెలుగువాళ్ళకు ఏ కోర్సు సరిపోతుంది?

మారతహళ్ళిలోనో కె.ఆర్.పురంలోనో ఉన్న ఏ తెలుగింట్లోనైనా ఎవరన్నా "టీచర్ అవుదామనుకుంటున్నాను" అంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళు ఇచ్చే మొదటి సలహా "బీఎడ్ చేసెయ్" అనే. హైస్కూల్లో పాఠాలు చెప్పాలనుకునేవాళ్ళకు అది మంచి సలహానే. చిన్న తరగతులు, అంటే ఒకటి నుంచి అయిదు దాకా చెప్పాలనుకునేవాళ్ళకు మాత్రం అది రెండేళ్ళ కాలం, ఫీజు డబ్బు రెండూ పోగొట్టే సలహా. బీఎడ్ పూర్తిచేసి, సీటెట్ (కేంద్ర స్థాయి టీచర్ అర్హత పరీక్ష) ఫారం నింపేటప్పుడు, చిన్న తరగతులకు సంబంధించిన మొదటి పేపరుకు తాము అర్హులం కామని తెలుసుకున్నవాళ్ళను చూస్తుంటే బాధనిపిస్తుంది. వాళ్ళలో చాలామంది పిల్లలంటే నిజంగా ప్రాణం పెట్టేవాళ్ళు.

అందుకే కోర్సుల పేర్లను పక్కన పెట్టి, ముందు నాలుగు సంగతులు తేల్చుకోమంటాను.

ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, మీరు ఏ వయసు పిల్లల ముందు నిలబడాలనుకుంటున్నారు? మూడేళ్ళ పిల్లలకు, ఎనిమిదేళ్ళ పిల్లలకు, పన్నెండేళ్ళ పిల్లలకు చట్టం వేరువేరు అర్హతలు అడుగుతుంది. విద్యాహక్కు చట్టం కింద ఎన్‌సీటీఈ (టీచర్ల అర్హతలు, శిక్షణ చూసే జాతీయ మండలి) 2010 ఆగస్టు 23న ఇచ్చిన నోటిఫికేషనే ఇప్పటికీ ఆధారం. దాని ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఇంటర్‌లో 50 శాతం మార్కులు, రెండేళ్ళ డీఎల్‌ఎడ్ (ప్రాథమిక విద్యలో డిప్లొమా), ఆపైన టెట్ (టీచర్ అర్హత పరీక్ష) మొదటి పేపరు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ వంటి వర్గాలకు మార్కుల్లో సడలింపు ఉంది. 2018 జూన్‌లో బీఎడ్ వాళ్ళనూ ఈ తరగతులకు తీసుకోవచ్చని, చేరాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలని ఎన్‌సీటీఈ అంది. ఆ వెసులుబాటు చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు చెప్పింది. అంతకుముందే రెగ్యులర్‌గా నియమితులైనవాళ్ళకు 2024లో రక్షణ ఇచ్చారు గానీ, ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకు ఆ దారి లేదు.

రెండోది, ఉద్యోగం ఎక్కడ? సొంత ఊరి ప్రభుత్వ బడిలోనా, కర్ణాటక ప్రభుత్వ బడిలోనా, కేంద్రీయ విద్యాలయలోనా, లేక ఇంటి దగ్గరున్న ప్రైవేటు సీబీఎస్‌ఈ స్కూల్లోనా? ఒకే సర్టిఫికెట్‌కు ఈ నాలుగుచోట్లా ఒకే విలువ ఉండదు.

మూడోది భాష. మీరు ఏ భాషలో బోర్డు మీద తడబడకుండా రాయగలరు? బెంగళూరులో ఇరవయ్యేళ్ళున్నా కన్నడం మాట్లాడటమే తప్ప చదవడం రానివాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఈ ప్రశ్నను దాటేసి కోర్సులో చేరితే తరవాత ఇబ్బంది పడతారు.

నాలుగోది వయసు, ఇంటి పరిస్థితి. రోజంతా కాలేజీలో కూర్చోవడానికి వీలవుతుందా లేదా అన్నది ముందే చూసుకోవాలి. డీఎల్‌ఎడ్ అయినా బీఎడ్ అయినా పాఠాలకు 80 శాతం, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు కావాలి.

ఒక్కచూపులో

| కోర్సు | చేరడానికి | కాలం | ఏ తరగతులకు | ఎవరికి కుదురుతుంది |
|---|---|---|---|---|
| డీఎల్‌ఎడ్ | ఇంటర్ లేదా పీయూసీ | 2 ఏళ్ళు | 1 నుంచి 5 | చిన్న తరగతులే కావాలని గట్టిగా అనుకున్నవాళ్ళకు |
| బీఎడ్ | డిగ్రీ | 2 ఏళ్ళు | 6 నుంచి పైకి | ఒక సబ్జెక్టు మీద ఇష్టం ఉన్నవాళ్ళకు |
| నాలుగేళ్ళ ఐటెప్ (డిగ్రీ, బీఎడ్ కలిసిన కోర్సు) | ఇంటర్ లేదా పీయూసీ, ఎన్‌సెట్ (ప్రవేశ పరీక్ష) రాసి | 4 ఏళ్ళు | తీసుకున్న స్టేజ్‌ని బట్టి | ఇప్పుడే ఇంటర్ అయిన పిల్లలకు |
| మాంటిసోరి, ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ శిక్షణ) | సంస్థను బట్టి | సంస్థను బట్టి | బడికి ముందు వయసు | ప్రీస్కూల్లో పనిచేయాలనుకునేవాళ్ళకు |

డీఎల్‌ఎడ్

మన పెద్దవాళ్ళు టీటీసీ అని, కర్ణాటకలో టీసీహెచ్ అని పిలిచిన శిక్షణే ఇప్పుడు ఈ పేరుతో నడుస్తోంది. డిగ్రీలూ పీజీలూ ఉన్నవాళ్ళు "ఇంటర్ తరవాత చేసే కోర్సులో ఇప్పుడు చేరడమా?" అని వెనకాడతారు. వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: ఈ కోర్సు చిన్నది కాదు, చిన్నపిల్లల కోసం తయారుచేసినది.

తేడా ఎక్కడుందో ఒక లెక్కతో చెబుతాను. మూడో తరగతి పిల్లవాడు 42లోంచి 17 తీసేసి 35 అని రాశాడనుకోండి. ఎర్ర పెన్నుతో కొట్టేసి "అప్పు తెచ్చుకోవాలి కదా" అంటే తలూపుతాడు. మర్నాడు 63లోంచి 28 తీసి 45 అంటాడు. వాడు చేస్తున్నది అజాగ్రత్త కాదు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీశాడు. ప్రతిచోటా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయడమే వాడు కట్టుకున్న సూత్రం. ఆ సూత్రం ఏమిటో టీచరుకు కనబడాలి. పదేసి పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు రెండు వాడి ముందు పెట్టి "పదిహేడు ఇవ్వరా" అంటే, కాసేపు చూసి వాడే ఒక కట్ట విప్పుతాడు. విప్పిన తరవాత "అప్పు" అన్న మాటతో పనే ఉండదు. డీఎల్‌ఎడ్‌లో మెథడాలజీ క్లాసులన్నీ ఇలాంటి వాటి చుట్టూనే తిరుగుతాయి. అక్షరం ఎలా పట్టుబడుతుంది, ఇంట్లో ఒక భాష బడిలో మరో భాష ఉన్న పిల్లలకు చదవడం ఎలా నేర్పాలి, పరిసరాల విజ్ఞానం పుస్తకం బయట ఎలా చెప్పాలి అన్నవి అక్కడ నేర్చుకుంటారు. బీఎడ్‌లో ఇవి ఉండవని కాదు. అక్కడ దృష్టి పై తరగతుల మీద, సబ్జెక్టు మీద ఉంటుంది. సుప్రీంకోర్టు తీర్పులోని ప్రధానమైన వాదన కూడా ఇదే: చిన్న తరగతులకు కావలసిన బోధనా నైపుణ్యం వేరు, బీఎడ్ శిక్షణ దానికోసం తయారైనది కాదు.

రెండేళ్ళలో ఇరవై వారాలు బడిలో గడపాలి. అందులో ఎక్కువ భాగం రెండో ఏడాదిలో వస్తుంది. లెసన్ ప్లాన్లు, టీఎల్‌ఎం (బోధనా సామగ్రి) తయారీ, సూపర్‌వైజర్ వెనక బెంచీలో కూర్చొని చూడటం అప్పుడే. ఇంట్లో చిన్నపిల్లలున్న తల్లులకు అసలు కష్టం ఈ వారాల్లోనే. ముందుగానే ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకోవాలి.

ఎక్కడ చేయాలన్నది రెండో ప్రశ్న. కర్ణాటకలో పీయూసీ మార్కుల మీద సీట్లు ఇస్తారు. ప్రభుత్వ డైట్‌లలో (జిల్లా విద్యా శిక్షణ సంస్థల్లో) ఫీజు తక్కువ, కానీ చదువు ఎక్కువగా కన్నడంలో సాగుతుంది. ఇంగ్లిష్ మీడియం కావాలంటే ప్రైవేటు కాలేజీలు వెతుక్కోవాలి. ఆంధ్ర, తెలంగాణల్లో డీసెట్ (డీఎల్‌ఎడ్ ప్రవేశ పరీక్ష) రాసి చేరాలి, తెలుగులో చదువుకోవచ్చు. రాయలసీమ వాళ్ళకు బుక్కపట్నం, కార్వేటినగరం డైట్‌లు బెంగళూరుకు మరీ దూరం కావు గానీ, రోజూ వెళ్ళివచ్చేంత దగ్గరా కావు. పెళ్ళికాని పిల్లలకైతే అమ్మమ్మగారింట్లోనో హాస్టల్లోనో ఉండి చదవమని చెబుతాను, ముఖ్యంగా డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ పోస్టుల నియామక పరీక్ష) మీద ఆశ ఉంటే. ఎస్‌జీటీ (చిన్న తరగతుల టీచర్ పోస్టు) పరీక్షకు అడిగే తెలుగు, అక్కడి పాఠ్యపుస్తకాలు, మెథడాలజీ పదాలు ఆ రెండేళ్ళలో వాటంతట అవే వంటబడతాయి.

ఈ కోర్సుకు ఇంకొక లాభం ఉంది, చాలామందికి తెలియదు. డీఎల్‌ఎడ్ రెగ్యులర్‌గా చేసి డిగ్రీ కూడా ఉన్నవాళ్ళు తరవాత ఇగ్నోలో దూరవిద్య ద్వారా బీఎడ్ చేయవచ్చు. ఏ టీచర్ శిక్షణా లేనివాళ్ళకు ఆ అవకాశం ఉండదు. అంటే చిన్న తరగతులతో మొదలుపెట్టి, ఉద్యోగం చేసుకుంటూనే పై తరగతుల అర్హత కూడా సంపాదించుకోవచ్చు. బీఎడ్ ముందు చేసి డీఎల్‌ఎడ్ తరవాత చేయాలంటే మళ్ళీ రెండేళ్ళు కాలేజీకి వెళ్ళాల్సిందే.

బీఎడ్

ఆరో తరగతి నుంచి పైకి చెప్పాలనుకుంటే, లెక్కలో సైన్సో సోషలో మీకు ప్రాణమైతే, బీఎడ్‌కు మించినది లేదు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు టెట్ రెండో పేపరు రాయాలి. నవోదయ విద్యాలయాలు ఆరో తరగతితోనే మొదలవుతాయి కాబట్టి అవి బీఎడ్ వాళ్ళవే. కర్ణాటకలో 2022లో 15,000 పోస్టులతో వచ్చిన నోటిఫికేషన్ పేరులో "ప్రైమరీ" అని ఉన్నా, అది ఆరు నుంచి ఎనిమిది తరగతుల గ్రాడ్యుయేట్ టీచర్ల కోసం. పేరు చూసి కాకుండా తరగతులు చూసి దరఖాస్తు చేయండి.

బెంగళూరు ప్రైవేటు స్కూళ్ళలో ఇప్పటికీ బీఎడ్ వాళ్ళు నాలుగు, అయిదు తరగతులు చెబుతుండటం చూస్తాం. అది చూసి "నడుస్తోంది కదా" అనుకోకండి. విద్యాహక్కు చట్టం ప్రైవేటు స్కూళ్ళకూ వర్తిస్తుంది, సీబీఎస్‌ఈ కూడా ఎన్‌సీటీఈ అర్హతలనే అడుగుతుంది. తనిఖీ వచ్చిన రోజు టెన్షన్ పడేది యాజమాన్యం కన్నా టీచరే.

నాలుగేళ్ళ ఐటెప్

ఇంటర్ అయిన పిల్లలకు ఇది గట్టిగా ఆలోచించదగ్గది. డిగ్రీ, బీఎడ్ కలిపి నాలుగేళ్ళలో పూర్తవుతాయి. విడివిడిగా చేస్తే అయిదేళ్ళు. 2030 నాటికి టీచర్ ఉద్యోగానికి కనీస అర్హత నాలుగేళ్ళ సమగ్ర కోర్సే కావాలని 2020 జాతీయ విద్యావిధానం రాసుకుంది. 2023-24లో కొన్ని సంస్థల్లో పైలట్‌గా మొదలైంది. జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెట్టే ఎన్‌సెట్ రాయాలి. దాన్ని తెలుగులోనూ కన్నడంలోనూ రాయవచ్చు.

మనకు దగ్గరలో పేరున్న చోటు మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ, ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళది. దక్షిణాది రాష్ట్రాలన్నిటి పిల్లలూ వచ్చి చదివే క్యాంపస్ అది. లోపలే డెమాన్‌స్ట్రేషన్ స్కూలు ఉంది, హాస్టల్ ఉంది.

ఒక్క జాగ్రత్త. ఈ కోర్సులో ఫౌండేషనల్, ప్రిపరేటరీ, మిడిల్, సెకండరీ అని స్టేజ్‌లు ఉంటాయి. ఒకటి, రెండు తరగతులు ఫౌండేషనల్ కిందికి, మూడు నుంచి అయిదు ప్రిపరేటరీ కిందికి వస్తాయి. సెకండరీ స్టేజ్ సీటు తీసుకున్న పిల్ల మూడో తరగతి టీచర్ కావాలనుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది. కౌన్సెలింగ్‌లో కాలేజీ పేరు చూసి మురిసిపోకుండా స్టేజ్ ఏమిటో చూడండి.

మాంటిసోరి, ఎన్‌టీటీ

బెంగళూరులో వీధికో ప్రీస్కూలు ఉంది, వాటిలో మాంటిసోరి డిప్లొమాకు మంచి గిరాకీ ఉంది. మరియా మాంటిసోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి శిక్షణ ఇచ్చినప్పటి నుంచి దక్షిణాదిలో ఆ పద్ధతికి బలమైన పునాది ఉంది. నిజమైన మాంటిసోరి శిక్షణ పొందిన టీచర్ ఉన్న గదిలో పిల్లలు పని చేసుకునే తీరు చూస్తే గౌరవం కలుగుతుంది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలతోనే ఉండాలనుకునేవాళ్ళు నిస్సంకోచంగా చేయండి. కానీ ఈ డిప్లొమాతో టెట్ రాయలేరు, డీఎస్సీ రాయలేరు. మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్లకైతే అసలు మాంటిసోరి స్కూళ్ళే విలువ ఇవ్వవు.

ఏ టెట్ రాయాలి?

కోర్సు ఒక్కటే సరిపోదు. టెట్ లేకుండా కొత్తగా టీచర్‌గా చేరడం చట్టప్రకారం కుదరదు. అయిదేళ్ళకు మించి సర్వీసు మిగిలిన పాత టీచర్లు కూడా రెండేళ్ళలో టెట్ పాసవ్వాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. మైనారిటీ స్కూళ్ళ సంగతి మాత్రం పెద్ద బెంచీకి పంపింది.

సీటెట్ మొదటి పేపరులో 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. పిల్లల వికాసం, మొదటి భాష, రెండో భాష, లెక్కలు, పరిసరాల విజ్ఞానం ఒక్కొక్కటి 30 మార్కులకు. 90 వస్తే పాస్. నెగటివ్ మార్కులు లేవు. సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. భాషల్లో తెలుగు ఎంచుకోవచ్చు, అది మనకు పెద్ద ఊరట. మిగతా ప్రశ్నలు ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటాయి, కాబట్టి పిల్లల వికాసం పదాలను ఇంగ్లిష్‌లో కూడా చదివి ఉంచుకోవాలి. ప్రైవేటు సీబీఎస్‌ఈ స్కూళ్ళకు, కేంద్రీయ విద్యాలయలకు ఇదే రాయండి.

డీఎస్సీ మీద దృష్టి ఉంటే ఆ రాష్ట్రం టెట్ రాసి మార్కులు పెంచుకోండి. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ డీఎస్సీ ర్యాంకులో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఇస్తున్నారు. పాసైతే చాలనుకొని ఊరుకున్నవాళ్ళు తరవాత అర మార్కు తేడాతో పోస్టు పోగొట్టుకోవచ్చు. కర్ణాటక ప్రభుత్వ బడికైతే ఆ రాష్ట్రం టెట్.

మీరు ఎవరు?

*అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో చదివి, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చినవాళ్ళు.* మీ లోకల్ హోదా ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారని కాదు, చిన్నప్పుడు ఏ జిల్లాలో చదివారన్నదే లెక్క. ఆంధ్రలో 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే ఎస్‌జీటీలే ఆరు వేలకు పైగా. తెలంగాణలో 2024 డీఎస్సీలో 11,062కు గాను 6,508. అవకాశం చిన్నదేం కాదు. కానీ డీఎస్సీ ఎప్పుడు పడుతుందో ప్రభుత్వాన్ని బట్టి ఉంటుంది, వచ్చినా పోస్టింగ్ ఏదో మండలంలోని పల్లె బడిలో. భర్త ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో, మీ ఉద్యోగం కదిరి దగ్గరి పల్లెలో అయితే ఇల్లు ఎలా నడుస్తుందో హాల్ టికెట్ వచ్చాక కాదు, కోర్సులో చేరకముందే ఇద్దరూ కూర్చొని మాట్లాడుకోండి. వెళ్ళడానికి సిద్ధమైతే డీఎల్‌ఎడ్, రాష్ట్ర టెట్. లేదంటే డీఎల్‌ఎడ్, సీటెట్, ఇక్కడి స్కూళ్ళు.

*బెంగళూరులోనే పుట్టి పెరిగిన మన పిల్లలు.* మీరు ఆంధ్ర, తెలంగాణల్లో నాన్‌లోకల్. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తరవాత 95 శాతం పోస్టులు లోకల్ వాళ్ళకే. ఆ వైపు చూడటం దండగ. మీకున్న బలం కన్నడం. బడిలో కన్నడం చదివి ఉంటే కర్ణాటకలో డీఎల్‌ఎడ్ చేసి ఇక్కడి టెట్ రాయండి. కన్నడం, తెలుగు, ఇంగ్లిష్ మూడూ వచ్చిన చిన్న తరగతుల టీచరును ప్రైవేటు స్కూళ్ళు కూడా వదులుకోవు. కర్ణాటకలో అన్ని స్కూళ్ళలోనూ కన్నడం నేర్పాలని 2015 చట్టం ఉంది కూడా.

*బీఎడ్ అయిపోయినవాళ్ళు.* చేసినది వృథా అనుకోవద్దు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు వెళ్ళండి. పదకొండేళ్ళ పిల్లలు కూడా పిల్లలే, వాళ్ళకూ ఓపికగా చెప్పేవాళ్ళు కావాలి. అలా కాదు, ఒకటో తరగతే కావాలి అనిపిస్తే మాత్రం డీఎల్‌ఎడ్ చేయక తప్పదు.

*ఐటీ ఉద్యోగం వదిలి రావాలనుకునేవాళ్ళు.* ముందు రాజీనామా ఇవ్వకండి. ప్రభుత్వ బడిలోనో దగ్గరి ఎన్జీవో సెంటర్లోనో శనివారాలు ఒక టర్మ్ అంతా పాఠం చెప్పి చూడండి. నలభైమంది పిల్లల మధ్య గొంతు పోయిన రోజు కూడా మళ్ళీ వెళ్ళాలనిపిస్తే అప్పుడు కాలేజీ వెతకండి. కేంద్రీయ విద్యాలయ ప్రైమరీ టీచర్ పోస్టుకు మూల వేతనం 35,400 రూపాయలతో మొదలవుతుంది, చాలా ప్రైవేటు స్కూళ్ళ కన్నా మెరుగు. కానీ సాధారణ వయోపరిమితి 30. హిందీ, ఇంగ్లిష్ రెండిట్లోనూ పాఠం చెప్పగలగాలి. కాబట్టి ముప్పై అయిదు దాటిన మగవాళ్ళు దాన్ని లెక్కలోంచి తీసేసి ప్రైవేటు స్కూళ్ళను చూసుకోవడమే మంచిది. అక్కడ జీతంతోపాటు పీఎఫ్ ఉందా, వేసవి సెలవులకు జీతం ఇస్తారా, మీ పిల్లలకు ఫీజులో రాయితీ ఉందా అన్నవి అడగండి. రాయితీ ఉంటే బెంగళూరు ఫీజులకు అది చేతికొచ్చే జీతంలో భాగమే.

కాలేజీలో చేరేముందు

"కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు" అని ఫోన్ చేసే ఏజెంట్లు ప్రతి అడ్మిషన్ సీజన్‌లోనూ ఉంటారు. ఫోన్ పెట్టేయండి. జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థ ఎన్‌ఐఓఎస్ నడిపిన పద్ధెనిమిది నెలల డీఎల్‌ఎడ్ 2017 ఆగస్టు 10 నాటికే స్కూళ్ళలో పనిచేస్తున్న శిక్షణ లేని టీచర్ల కోసం పెట్టినది. అదే కోర్సని ఇప్పుడు ఎవరైనా కొత్తవాళ్ళకు సీటు అమ్మజూపితే అది మోసం.

ఎన్‌సీటీఈ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు, కోర్సు పేరు, ఎన్ని సీట్లకు గుర్తింపు ఉందో మూడూ చూడండి. ఒకే కాలేజీకి బీఎడ్ గుర్తింపు ఉండి డీఎల్‌ఎడ్‌కు లేకపోవచ్చు. ఆ తరవాత ఒకసారి స్వయంగా వెళ్ళి, రెండో ఏడాది చదువుతున్న విద్యార్థులను పలకరించి, ఇంటర్న్‌షిప్‌కు ఏ బడికి పంపుతున్నారో, అక్కడ వారానికి ఎన్ని క్లాసులు నిజంగా వాళ్ళ చేత చెప్పిస్తున్నారో అడగండి. ఆ బడి పేరు చెప్పలేకపోతే వేరే కాలేజీ చూసుకోండి.